సంచి ఉన్నదే కావాలి

"ఇందులో సైక్లోన్ ఉంటుంది మేడమ్," అన్నాడు సేల్స్‌మన్ ధనరాజ్ గర్వంగా.

ఎర్ర మిషను మీద వేసిన చెయ్యిని కుసుమకుమారి చటుక్కున తీసేసింది.

"తుఫానా?"

"టెక్నాలజీ పేరు మేడమ్. లోపల గాలి సుడి తిరుగుతుంది. దుమ్మంతా ఈ డబ్బాలో పడుతుంది. సంచి గొడవే లేదు. డబ్బా తీసి బయట దులిపేసుకోవడమే."

"తుఫాను హెచ్చరిక రాగానే పడవ ఒడ్డెక్కించే వాళ్ళ పిల్లనండీ నేను. బిల్లు కట్టి మరీ దాన్ని ఇంటికి పట్టుకెళ్ళమంటారా?"

నవ్వాలో వద్దో తెలియక ధనరాజ్ ఉమాశంకర్ వైపు చూశాడు. ఉమాశంకర్ అప్పటికే నవ్వేస్తున్నాడు. కొత్తగా పెళ్ళైనవాళ్ళకి భార్య ఏం మాట్లాడినా ముందు నవ్వొస్తుంది. అర్థం తరవాత వస్తుంది.

విజయనగరంలోని ఆ షాపు బల్ల మీద రెండు వాక్యూమ్ క్లీనర్లు పక్కపక్కన కూర్చున్నాయి. సంచి లేనిది ఎర్రగా, నున్నగా, కొత్త బైకులా మెరుస్తోంది. సంచి ఉన్నది బూడిదరంగులో, పొట్ట ముందుకి పెట్టుకుని, రిటైరైన హెడ్మాస్టరులా ఉంది.

"నాకు ఈ మాస్టారే కావాలి," అంది కుసుమ.

"ఎందుకు?"

"ఊరికే. నచ్చింది."

"నువ్వు ఫిజిక్స్ చదివావు కుసుమా. ఊరికే నచ్చడం ఒక కారణమా?"

"మిమ్మల్ని అలాగే చేసుకున్నాను."

ధనరాజ్ గొంతు సవరించుకున్నాడు. "రెండూ మంచివే సార్. సంచి ఉన్నదాంట్లో దుమ్ము మూతపడి ఉంటుంది. మార్చేటప్పుడు పైకి లేవదు. కాకపోతే సంచులు కొంటూ ఉండాలి, నిండేకొద్దీ లాగడం తగ్గుతుంది. ఇదైతే ఎంత దుమ్ము పడిందో కంటికి కనిపిస్తుంది. రోజూ దులుపుకుంటే చాలు."

"రోజూ దులపాలా?"

"దులిపితే మంచిది మేడమ్."

"సంచి అయితే?"

"నిండేదాకా ముట్టుకోనక్కర్లేదు. నిండితే ఎర్ర లైటు వెలుగుతుంది."

"అంటే అంతవరకూ దుమ్ము ఇంట్లోనే ఉంటుంది."

"అవును మేడమ్. సంచిలో."

"చూశారా!" అంది కుసుమ, పందెం గెలిచినట్టు.

ఇంట్లో దుమ్ము ఇంట్లోనే ఉండటం అంత గొప్ప సంగతి ఎలా అయిందో ఉమాశంకర్‌కి అర్థం కాలేదు. "దుమ్ము పోవడానికి కదా మనం కొంటున్నది?"

ఆమె ఏదో చెప్పబోయింది. పెదవులు కదిలాయి కూడా. అంతలోనే చూపు పక్కకి తిప్పేసుకుని, "సరే, మీ ఇష్టం," అంది.

ఆ పక్కచూపు ఉమాశంకర్‌కి కొత్త కాదు. ఇంటి గుమ్మంలో చాలాసార్లు చూశాడు. అది చూసినప్పుడల్లా అతని లోపల చిన్న ముల్లు కదిలేది. ఆ ముల్లు మీద కోపంతోనేమో, ఎర్ర మిషనే కొన్నాడు.

బైకు మీద ఇద్దరి మధ్యా అట్టపెట్టె కూర్చుంది. పెళ్ళైనప్పటినుంచీ ఆ బైకు మీద వాళ్ళిద్దరి మధ్య గాలి దూరడం అదే మొదటిసారి.

* * *

వాళ్ళ ప్రేమ దుమ్ములోనే మొదలైంది.

శ్రీకాకుళంలో కాలేజీ లైబ్రరీ. పై అరలోంచి కుసుమ ఒక పాత పుస్తకం లాగింది. కింద నిలబడ్డ కుర్రాడు ముక్కు పగిలేలా తుమ్మాడు. చంటిపిల్లలు తుమ్మితే ముసలమ్మలు అంటారే, అలా ఆమె నోటివెంట అలవాటుగా, "చిరంజీవ!" అని వచ్చేసింది. లైబ్రరీ అంతా గొల్లుమంది. కుర్రాడు ఎర్రబడి, తలెత్తి, ఆమెని చూసి, మళ్ళీ తుమ్మాడు.

"రెండోది దుమ్ముకి కాదు," అని పెళ్ళయ్యాక కూడా వాదిస్తాడు.

అతనిది చీపురుపల్లి పక్క పల్లె. చోళ్ళు, నువ్వులు, వరి పండించే ఇల్లు. ఆమెది కళింగపట్నం. తండ్రి అప్పలసూరి వేటకి వెళ్ళే మనిషి. పొలం వాళ్ళకీ సముద్రం వాళ్ళకీ పొత్తు కుదరడానికి చాలాకాలం పట్టింది. చివరికి ఉమాశంకర్ తల్లి నారాయణమ్మ, "సరే, సేసుకోరా. నీ ఇల్లు సక్కగా సూసుకుంటే అదే పదేలు," అంది. ఆ మాట దీవెనలాగా ఉంది, షరతులాగా కూడా ఉంది.

ఉమాశంకర్ గూడ్సు రైలుకి గార్డు. విజయనగరంలో గూడ్సు యార్డుకి ఎదురుగా ఒక చిన్న వాటా అద్దెకి తీసుకున్నారు. గార్డులకి డ్యూటీలు వేసే లాబీ నుంచి ఫోను రాగానే పెట్టె సర్దుకుని వెళ్ళిపోవాలి. ఏ రోజు తిరిగొస్తాడో వెళ్ళేవాడికే తెలియదు.

ఇంటినిండా యార్డు దుమ్ము. అతనికేమో దుమ్ము పడదు. సరిగ్గా బయల్దేరే వేళకే తుమ్మేవాడు. ఒక్క తుమ్ము మంచిది కాదని కుసుమ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది.

"ఇంకోటి తుమ్మండి. రెండైతే దోషం లేదు."

"రావట్లేదు కుసుమా. లాబీలో లేటవుతుంది."

"మిరియాల డబ్బా తెమ్మంటారా?"

నిజంగానే తెచ్చేది. అతను నిజంగానే వాసన చూసి రెండోది తుమ్మి వెళ్ళేవాడు. ఈ సంగతి లాబీలో చెప్పుకోలేక, లోలోపల నవ్వుకుంటూ రైలు చివరనుండే బ్రేక్‌వ్యాన్ ఎక్కేవాడు.

ఆ సంతోషంలో ముల్లు ఒక్కటే. అతను ఇంట్లో ఉన్నంతసేపూ గచ్చు అద్దంలా ఉండేది. డ్యూటీ నుంచి తిరిగొచ్చేసరికి కాళ్ళకింద కరకరమనే దుమ్ము. మంచం మీద దుప్పటి మడత నలగదు, స్టవ్ మెరుస్తుంది, గిన్నెలు తళతళలాడతాయి, చీపురు మాత్రం ముట్టుకున్నట్టు ఉండదు. అతను గుమ్మంలో కాలు పెట్టగానే ఆమె చీపురు అందుకునేది.

"నేనొచ్చాకే ఊడుస్తావా?" అని ఒకసారి నవ్వుతూనే అడిగాడు.

అప్పుడే మొదటిసారి ఆ పక్కచూపు చూశాడు.

సముద్రం ఒడ్డున పెరిగిన పిల్ల. ఇక్కడ కిటికీ తీస్తే వేగన్లు. ఈ ఇంటిని తనదనుకోలేకపోతోందా? నేను లేకపోతే ఇది ఆమెకి ఇల్లు కాదా? రాయగడ దారిలో, రైలు చివరి డబ్బాలో ఒంటరిగా కూర్చుని అతను ఆలోచించేది అదే. అడిగితే అవునంటుందేమోనని అడగలేకపోయాడు.

* * *

ఎర్ర మిషను మొదటిరోజు పండగ చేసింది.

మంచం కింద గొట్టం పెట్టగానే డబ్బాలో పసుపుపచ్చగా ఏవో గింగిరాలు తిరిగాయి. కుసుమ కెవ్వుమంది.

"ఆపండి! ఆపండి! మన అక్షింతలు!"

గృహప్రవేశం రోజు తల మీంచి రాలిన బియ్యపు గింజలు అన్నాళ్ళూ మంచం కోడు వెనక దాక్కున్నాయి. ఇద్దరూ గచ్చు మీద బాసింపట్టు వేసుకుని, దుమ్ములోంచి గింజలు ఏరారు. ఆమె ఒకటి తీసి అతని తలమీద వేసింది. అతను తుమ్మాడు.

"సంచి ఉంటే ఇవి కనిపించేవా?" అన్నాడు.

"కనిపించేవి కావు. దానికి మాత్రం ఒప్పుకుంటాను."

"మరి దేనికి ఒప్పుకోవు?"

ఆమె నవ్వింది. చెప్పలేదు. డబ్బా అతనే పెరట్లో దులిపి, తుమ్మి తుమ్మి, కళ్ళనీళ్ళతో లోపలికొచ్చాడు. ఆ కళ్ళు ఆమె కొంగుతో తుడుస్తుండగానే లాబీ ఫోను మోగింది.

అదే సాయంత్రం వాన పట్టుకుంది.

మర్నాడు నారాయణమ్మ చోడిపిండి సంచితో దిగింది. గొడుగు మూస్తూనే గచ్చు చూసింది. తరవాత మూలన, కొడుకు వెళ్ళాక మళ్ళీ నడిచి మూతిదాకా నిండిన డబ్బాతో ఉన్న ఎర్ర మిషనుని చూసింది.

"ఏటమ్మా ఇది?"

"దుమ్ము లాగే మిషను అత్తా."

"లాగినట్టే ఉన్నాది. మరి పారబొయ్యవేటి?"

"తరవాత పోస్తాను."

"తరవాతేటి? కడుపు నిండినోడికి మల్లీ ఎలగ తినిపిత్తావు?" అంటూ ముసలావిడ కొంగు బిగించి చీపురు తీసింది. వాకిట్లోకి రెండు విసుర్లు వేసిందో లేదో, కుసుమ వచ్చి ఆ చీపురు మెల్లిగా లాక్కుంది.

"వద్దత్తా. మీరు కూర్చోండి."

"నాను ఊడిత్తే తప్పేటి?"

"తప్పని కాదు. ఇప్పుడు వద్దు."

నారాయణమ్మ మూతి ముడుచుకుని మంచం ఎక్కింది. కోడలు వండిన చేపల పులుసు రెండుసార్లు వేయించుకుని తింది కానీ, ఒక్క మాట మాట్లాడలేదు.

అత్తగారు దుమ్ములో నడుస్తుంటే కుసుమకి ప్రాణం చివుక్కుమనేది. అందుకని ఆవిడ కునుకు తీసినప్పుడు మిషను వేసేది. డబ్బా నిండితే దుమ్ముని ఒక పలచటి ప్లాస్టిక్ కవర్లోకి వంపి, ముడేసి, మంచం కిందకి తోసేది. వాన తగ్గలేదు. అతనూ రాలేదు. పైన ఎక్కడో కొండల్లో, ఘాట్ లైన్లో పట్టాల మీదికి రాళ్ళు జారాయని, గూడ్సులన్నీ ఎక్కడివక్కడ ఆపేశారని ఫోను చేశాడు. మంచం కింద మూటలు పెరిగాయి.

చెప్పు మంచం కిందకి పోయిందని వంగిన నారాయణమ్మకి అవి దొరికాయి.

లోపల బూడిదరంగు పొడి, వెంట్రుకలు. అన్నిటికీ ఒకే రకం ముడి. పల్లెలో గోనెలు కట్టి కట్టి అరిగిన ఆ వేళ్ళకి కూడా లొంగని ముడి. ఆ పక్క ఊళ్ళలో చేతబడిని చిల్లంగి అంటారు. పేరు పైకి అనడానికి కూడా జంకుతారు. నారాయణమ్మ పట్టుకారుతో ఒక మూట దూరంగా పట్టుకుని, ఇంకో చేత్తో కొడుక్కి ఫోను చేసింది.

"ఒరే సెంకరా! నీ మంచం కింద మూటలున్నాయిరా!"

రాయగడ దారిలో ఒక చిన్న స్టేషన్‌లో, పక్కపట్టాల మీద, లూపు లైన్లో ఆగిపోయిన గూడ్సు వెనక ఉమాశంకర్ ఉన్నాడు. బ్రేక్‌వ్యాన్ రేకుమీద వాన పప్పులు వేయించినట్టు మోగుతోంది.

"ఏం మూటలమ్మా? గట్టిగా చెప్పు."

"బూడిద! ఎంటికలు! ఎవులో సిల్లంగి ఎట్టీసినార్రా! అందికే నువ్వు సిన్నప్పట్నుంచీ తుమ్ముతన్నావు!"

"చిన్నప్పుడు ఈ మంచం లేదు కదమ్మా!"

"నోర్ముయ్! ముడి సూడు, ఇప్పుదామంటే రాదు. మనిసేసిన ముడి కాదది!"

"నేనేసిందే అత్తా," అంది వెనకనుంచి కుసుమ గొంతు.

ఫోనులో అటూ ఇటూ వాన ఒక్కటే వినిపించింది.

"కుసుమా," అన్నాడు ఉమాశంకర్. "ఏమిటవి?"

"మీరొచ్చాక చెప్తాను."

"ఇప్పుడే చెప్పు."

"ఇప్పుడు చెప్పకూడదు. మీరు జాగ్రత్తగా రండి చాలు."

"నా దగ్గర దాచేంత..."

సిగ్నల్ పోయింది. మాట సగం ఇక్కడ, సగం అక్కడ ఉండిపోయింది.

ఇంటి దగ్గర, నారాయణమ్మ పట్టుకారు దించలేదు. "సెప్పవే. నా కొడుకు ఇల్లిది. నా కొడుకు మంచమది. ఏటి కట్టినావు అందులో?"

"దుమ్మే అత్తా. ఆయన వెళ్ళిన దగ్గర్నుంచీ ఇంట్లో పడిన దుమ్ము."

"దుమ్ము దాసుకోడమేటే?"

కుసుమ గచ్చుమీద చతికిలబడింది.

"మా ఇంట్లో, నాన్న పడవెక్కితే చీపురు ముట్టుకోరు. పడవ మళ్ళీ ఒడ్డుకొచ్చేదాకా ఇంట్లోంచి రేణువు బయటికి పోనివ్వరు. మా నానమ్మ అసిరమ్మ చెప్పేది. వెళ్ళిన మనిషి అడుగులు ఇంకా ఇంట్లోనే ఉంటాయి, ఊడ్చి పారేస్తే అతనికి తిరిగొచ్చే దారి పారేసినట్టే అని. నేను చదువుకున్నాను అత్తా. దుమ్ముకీ రైలుకీ సంబంధం లేదని తెలుసు. కానీ ఆయన అలా పెట్టె పట్టుకుని మలుపు తిరిగాక, చీపురు దగ్గరికి చెయ్యి వెళ్ళదు. ఏం చెయ్యను?"

పట్టుకారు కొంచెం కిందకి దిగింది.

"మాకూ ఉన్నాది అలగ," అంది నారాయణమ్మ నెమ్మదిగా. "మడిసి ఊరెల్తే పొలిమేర దాటీదాకా ఊడవం. దాటినాడనుకుంటే ఊడిసీత్తాం. మీదేటి, తిరిగొచ్చీదాకానా?"

"సముద్రానికి పొలిమేర ఎక్కడుందత్తా?"

పట్టుకారు ఇంకాస్త దిగింది.

"రైలుకైనా ఎక్కడుందో నాకు కనబడలేదు," అంది కుసుమ.

"మరి ఆడికి సెప్పీవచ్చు గదే. ఆడేటనుకుంటన్నాడో."

"వెళ్ళే మనిషికి చెప్పకూడదు. చెబితే అడుగు బరువైపోతుంది. మా అమ్మ ఈనాటికీ నాన్నకి చెప్పలేదు. ఇంటికెప్పుడొచ్చినా ఇసకేనని నాన్న ఇప్పటికీ తిడతాడు. అమ్మ తిట్లు తింటుంది."

నారాయణమ్మ పట్టుకారు పక్కన పడేసి, వంగి, మూటని చేత్తోనే మంచం కిందకి జాగ్రత్తగా జరిపింది. మిగతా మూటల పక్కన, వరసలో.

* * *

వాన వెలిసిన పొద్దున ఉమాశంకర్ వచ్చాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. దారి పొడుగునా అతని తలలో సగంలో తెగిన ఆ మాటే తిరిగింది. రెండో సగం తనే రకరకాలుగా పూర్తిచేసుకున్నాడు. ఒక్కటీ బాగాలేదు.

గుమ్మంలో తల్లి కూర్చుంది. ఆవిడ వెనక గచ్చంతా మట్టి. తల్లి అడుగులే అచ్చుపడి ఉన్నాయి.

"అమ్మా, నువ్వుండి కూడా ఇల్లిలా ఉందేమిటి?"

కోడికంటే ముందు లేచి నాలుగిళ్ళ వాకిళ్ళు ఊడ్చే మనిషి ఆవిడ.

"మాటాడకు. మిసను కూడా నానే ఆపీసినాను. ముందు కుడికాలు లోపలెట్టు."

పెట్టాడు.

"ఒలే అమ్మీ!" నారాయణమ్మ ఒక్క కేక పెట్టింది. "వొచ్చీసినాడు! తే సీపురు!"

ఇద్దరు ఆడవాళ్ళూ రెండు చీపుళ్ళతో ఇంటిమీద పడ్డారు. దుమ్ము మబ్బులా లేచింది. మధ్యలో పెట్టెతో నిలబడి ఉమాశంకర్ తుమ్ముతూనే ఉన్నాడు. ప్రతి తుమ్ముకీ రెండు గొంతులు "చిరంజీవ!" అన్నాయి.

అన్నీ అయ్యాక తల్లి మంచం కిందనుంచి మూటలు తీసి అతని ఒళ్ళో పెట్టింది.

"ఇదిగో నీ సిల్లంగి. నువ్వే పారబొయ్యి. దాన్ని ఒక్క మాట అన్నావంటే మాత్రం నాను ఊరుకోను."

పెరటి మెట్టుమీద కూర్చుని అతను ముడి విప్పబోయాడు. రాలేదు. కుసుమ వచ్చి పక్కన కూర్చుని, ఒక కొస పట్టుకుని సుతారంగా లాగింది. ముడి నీళ్ళలా విడిపోయింది.

"వలముడి," అంది. "నాన్న నేర్పాడు."

ఆ తరవాత, వచ్చేసిన మనిషికి చెప్పొచ్చు గనక, అంతా చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా తుమ్మలేదు.

"నేనేమనుకున్నానో తెలుసా?" అన్నాడు చివరికి.

"తెలుసు. వచ్చిన ప్రతిసారీ గుమ్మంలో మీ మొహం చూసేదాన్ని కదా."

"తెలిసీ ఎలా ఊరుకున్నావు?"

"మీరు నన్ను తప్పుగా అనుకున్నా పరవాలేదు. క్షేమంగా వచ్చి అనుకుంటున్నారు కదా అనుకునేదాన్ని."

ఉమాశంకర్‌కి ఒళ్ళోని మూటలు అప్పుడు వేరేగా కనిపించాయి. బ్రేక్‌వ్యాన్‌లో ఒంటరిగా కూర్చుని, ఆ ఇల్లు ఆమెది కాదేమోనని తను బెంగపడిన ప్రతి ప్రయాణంలోనూ, ఆమె ఆ ఇంట్లో అతని అడుగులకి కాపలా కాసింది.

"చెప్తే మీరు డ్యూటీకి వెళ్ళేవారు కాదు," అంది ఆమె మాట తేలిక చేస్తూ. "సిక్ లీవు పెట్టేసేవారు. నాకు తెలుసు."

"పెట్టేవాణ్ణే."

"చూశారా మరి."

అతను లేచాడు. "పద."

"ఎక్కడికి?"

"హెడ్మాస్టారిని తెచ్చుకుందాం."

షాపులో ధనరాజ్ కంగారుపడ్డాడు. "ఎర్ర మిషను బాగా పని చెయ్యట్లేదా సార్?"

"మిషను బంగారం. దులపడమే మా ఇంట్లో కుదరదు."

"బిజీగా ఉంటారా సార్?"

"అవును," అంది కుసుమ. "మా ఆయన రాకపోకలతో."

ఎర్ర మిషను నారాయణమ్మతో పల్లెకి వెళ్ళింది. "నాకు పొలిమేర దాటీదాకానే గదా, నాను దులుపుకుంటాను," అని పట్టుబట్టి ఆవిడే పట్టుకుపోయింది. చీపురుపల్లిలో రైలు దిగి, దాన్ని ఎత్తుకుని నడిచిపోతుంటే చూసినవాళ్ళంతా, "ఏటది నారాయణమ్మా?" అని అడిగారట. "తుపాను," అని చెప్పిందట.

* * *

బూడిదరంగు మాస్టారు ఇంట్లో కుదురుకున్నాడు. కొత్త సంచులు తలుపు పక్క మేకుకి వేలాడదీసింది కుసుమ, ఉమాశంకర్ చూస్తుండగానే. అతను డ్యూటీకి వెళితే మిషను నడుస్తుంది, దుమ్ము సంచిలోకి పోతుంది, సంచి ఇంట్లోనే ఉంటుంది. వచ్చాక ఇద్దరూ కలిసి దాన్ని తీస్తారు. లోపల ఎన్ని అక్షింతలు ఉండిపోయాయో ఇప్పుడు కనిపించదు. ఉంటాయిలే అనుకుంటారు.

అంతలో కళింగపట్నం నుంచి కబురొచ్చింది. అప్పలసూరి కొత్త పడవ నీళ్ళలో దింపుతున్నాడు. పెద్దకూతురు వచ్చి పసుపు రాయాలి. ఉమాశంకర్‌కి సెలవు దొరకలేదు. కుసుమ ఒక్కతే బస్సెక్కింది. కిటికీలోంచి చెయ్యి ఊపి, "రోజూ మిషను వెయ్యండి. తుమ్మకండి," అంది.

బస్సు మలుపు తిరిగింది. అతను ఇంటికొచ్చాడు. గచ్చుమీద ఆమె తడికాళ్ళ గుర్తులు, గుమ్మం దాకా వచ్చి, ఆరిపోయి మరకలుగా మిగిలాయి. ఇంట్లో ఉండిపోయే మనిషిగా ఆ ఇంటిని అతను మొదటిసారి చూశాడు. ఇల్లు ఒకలాగే ఉంది. చప్పుడు మాత్రం లేదు.

మిషను వేశాడు. లాబీ నుంచి పిలుపు రాక మర్నాడూ ఇంట్లోనే ఉండి వేశాడు. ఆ సాయంత్రం మాస్టారి పొట్టమీద ఎర్ర లైటు వెలిగింది.

గార్డు ఉద్యోగంలో మొదట నేర్చుకునే పాఠం, ఎర్ర లైటు చూస్తే ఆగడం. ఉమాశంకర్ ఆగాడు. మేకువైపు చూశాడు. సంచివైపు చూశాడు. మిషను ప్లగ్గు తీసి మూలన పెట్టేశాడు. ఆ తరవాత యార్డు దుమ్ము తన దారిన తను ఇంట్లోకి వచ్చి కూర్చుంది.

వెన్నెలవేళ ఫోను చేసింది కుసుమ. వెనక అలల హోరు.

"పడవ ఎంత బాగుందో! నాన్న నా పేరు రాయించాడు. అమ్మ కుళ్ళుకుంటోంది. మీరు తిన్నారా?"

"తిన్నా... హాచ్!"

"తుమ్మారా? మిషను వెయ్యలేదా?"

"వేశాను. ఎర్ర లైటు వెలిగింది."

"వెలిగితే సంచి మార్చి పాతది పారేయాలి. మరిచిపోయారా?"

"కొత్త సంచి దొరకలేదు."

"దొరకలేదా? తలుపు పక్కనే..."

కుసుమ ఆగిపోయింది.

ఎదురుగా మేకుకి వేలాడుతున్న కొత్త సంచుల్ని చూస్తూ ఉండిపోయాడు ఉమాశంకర్. వెళ్ళిన మనిషికి చెప్పకూడదు. అతను చెప్పలేదు.

ఫోనులో ఒక అల వచ్చి, విరిగి, వెనక్కి వెళ్ళింది. ఇంకొకటి వచ్చింది.

"ఇంకా వెతకాలి. ఎక్కడో ఉండే ఉంటాయి," అన్నాడు గొంతు మామూలుగా పెట్టి. అంతలోనే మళ్ళీ తుమ్మొచ్చింది.

"చిరంజీవ," అంది కుసుమ. "వెతక్కండి. రేపు మొదటి బస్సుకే వచ్చేస్తున్నాను."